బొమ్మా? బొరుసా? కాదు, పగిలిన డై!

పటాన్‌చెరు అవతల రుద్రారం స్టేజీ దగ్గర చాయ్ తాగారు. నోటిచ్చారు, చిల్లర చేతికొచ్చింది. చూడకుండానే జేబులో వేసేసుకుంటున్నారా? ఆగండాగండి! ఆ నాలుగు బిళ్లల్లో పగిలిన డై (నాణెం కొట్టే ఉక్కు అచ్చు) గుర్తు ఉండొచ్చు, గ్రీజు మింగేసిన అక్షరం ఉండొచ్చు, తలకిందులైన సింహం ఉండొచ్చు. మేం 'మీకు తెలుసా?' అని అడుగుతూ పోతాం. మీరు 'అబ్బే, తెలీదే!' అంటూ రండి.

మీకు తెలుసా? ఇంత పెద్ద దేశానికి నాణేలు కొట్టే ప్రభుత్వ టంకశాలలు నాలుగే నాలుగు. ముంబయి, కోల్‌కతా, నోయిడా... నాలుగోది మనదే, హైదరాబాద్ చర్లపల్లిలో! రుద్రారం వాళ్లకు నగరానికి ఈ కొస నుంచి ఆ కొస, అంతే. చిల్లర పుట్టిల్లు ఇంత దగ్గర్లో ఉన్నా, మన కిరాణా కొట్లో రూపాయికి బదులు చాక్లెట్టే చేతిలో పెడతారు!

ఏ నాణెం ఏ ఊళ్లో పుట్టిందో దాని మీదే ఉంటుందని మీకు తెలుసా? సంవత్సరం అంకెల కింద చూడండి. బుల్లి చుక్క ఉంటే నోయిడా. వజ్రం ఆకారం ఉంటే ముంబయి. ఐదు మొనల నక్షత్రం ఉంటే హైదరాబాద్. మరి కోల్‌కతా గుర్తు? ఏమీ ఉండదు. ఏమీ లేకపోవడమే దాని గుర్తు! ఆ గుర్తును డిజైన్ చేసినాయన అదృష్టవంతుడు.

అప్పుడే ధీమాగా ఉన్నారా? పాత హైదరాబాద్ నాణేల మీద నక్షత్రం బదులు చీలిన వజ్రం, నడుమ చుక్క ఉన్న వజ్రం కూడా కనిపిస్తాయి. వజ్రం చూడగానే 'ముంబయి' అని అరిచారో, ఔట్!

మీకు తెలుసా? 1985 నాటి కొన్ని రూపాయి బిళ్లల మీద 'హెచ్' అక్షరం ఉంటుంది. హైదరాబాద్ అనుకున్నారు కదూ? తప్పు! అది ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగరంలోని హీటన్ టంకశాల. 1988 చిల్లర మీద 'సి' కనిపిస్తే కలకత్తా అంటారు. అదీ తప్పే, కెనడాలోని ఒట్టావా! చిల్లర కరువొచ్చి మన సర్కారు విదేశాల్లో కొట్టించి తెప్పించుకుంది. మనకు వీసా రావడం కష్టం గానీ, మన రూపాయి పుట్టుకే ఫారిన్!

మీకు తెలుసా? హైదరాబాద్ టంకశాలకు 200 ఏళ్లు దాటాయి. 1803లో మూడో నిజాం సికందర్ జా హయాంలో పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. కానీ 'మింట్ కాంపౌండ్' అనగానే హైదరాబాదీకి నాణేలు గుర్తుకురావు, కరెంటు ఆఫీసు గుర్తొస్తుంది. డబ్బులు కొట్టిన పేటలోనే డబ్బులు కట్టించుకునే ఆఫీసు!

ఎన్టీఆర్ బొమ్మతో 100 రూపాయల నాణెం ఉందని తెలుసా? శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. కొట్టింది మన హైదరాబాద్ టంకశాలే. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు, సగం వెండి. పేరుకు వంద రూపాయలు, విడుదలైన 2023లోనే కొనాలంటే నాలుగు వేల పైమాట. అన్నగారి లెక్కే వేరు!

ఇక అసలు రౌండుకు వద్దాం. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ షెడ్లలో ప్రెస్ మీద షిఫ్టు చేసేవాళ్లకు ఇది మహా ఈజీ. డై, పంచ్, స్ట్రోకు, బర్, రిజెక్టు... అంతా మీ భాషే!

మీకు తెలుసా? నాణెం రెండు డైల మధ్య, కాలర్ అనే ఉక్కు వలయం లోపల, ఒక్క దెబ్బకు పుడుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మీది గీట్లు, మూడూ ఒకేసారి! ఇప్పటి ప్రెస్సులు నిమిషానికి 700కు పైగా కొడతాయి. మీరు ఈ పేరా చదివేలోపు వంద బిళ్లలు రాలిపోయాయి. మెల్లగా చదివేవాళ్లకు ఇంకా ఎక్కువ!

ఉక్కు డై కూడా అలిసిపోతుందని తెలుసా? లక్షల దెబ్బలు తిన్నాక దానికి సన్నని పగులు పడుతుంది. తర్వాతి దెబ్బకు నాణెం లోహం ఆ పగుల్లోకి దూరుతుంది. అంటే, డై మీద గాడి నాణెం మీద గట్టుగా లేస్తుంది! నాణెం మీద గోరు పోనివ్వండి. మిట్టగా తగిలిందా, డై పగులు. గాడిలో పడిందా, ఎవరో మేకుతో గీకారు. లేచింది టంకశాలది, దిగింది రోడ్డుది. ఈ సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, కాసేపట్లో వస్తుంది, తొందరపడకండి.

గోరు మొద్దుబారిందా? అయితే సెల్‌ఫోన్ తీయండి. నాణేన్ని బల్ల మీద పెట్టండి. టార్చి పైనుంచి కాదు, పక్కనుంచి, బల్లకు దాదాపు ఆనించి వేయండి. ఇప్పుడు నాణేన్ని మెల్లగా తిప్పండి. సింహాల జూలు దగ్గర మొదలై, 'భారత్' అన్న హిందీ అక్షరాల మీదుగా అంచు దాకా పాకే మెరుపు దారం కనబడిందా? దానికి ఒకపక్క వెలుగు, మరోపక్క నీడ ఉంటాయి. టార్చి వైపు వెలుగు ఉంటే అది గట్టు. టార్చి వైపు నీడ ఉంటే అది గాడి. డిటెక్టివ్ పని పూర్తి, ఖర్చు సున్నా!

ఆ బిళ్లను టూల్‌రూమ్‌లో తల నెరిసిన ఏ మేస్త్రీకైనా చూపించండి. లెన్సు కూడా అడగడు. "ఇది గీత కాదు తమ్మీ, డై పలిగింది" అంటాడు. "మరి ప్రెస్ ఎందుకు ఆపలేదన్నా?" అని అడిగితే ఏమంటాడో తెలుసా? "టార్గెట్ ఉంటది గదా!"

మీకు తెలుసా? పగులు ముదిరితే డై అంచు ముక్క ఊడిపోతుంది. అప్పుడు నాణెం మీద ఆ చోట డిజైన్ బదులు నున్నటి లోహపు ముద్ద లేస్తుంది. నాణేలు సేకరించేవాళ్లు దీన్ని 'కడ్' అని ముద్దుగా పిలుస్తారు. అసలుదో నకిలీదో తేల్చాలంటే వెనక్కి తిప్పండి. ముద్దకు సరిగ్గా అవతలి వైపు డిజైన్ పాలిపోయి ఉండాలి, లోహం ఇవతలి గుంతలోకి పారిపోయింది కాబట్టి. అవతల అంతా పుష్టిగా ఉందా? ఎవరో సోల్డర్ అంటించారు. దొంగ దొరికాడు!

6, 8, 9 అంకెల కడుపులు పూడిపోయిన నాణెం చూశారా? ఆ అంకెల లోపలి చిన్న భాగం డైలో సన్నని ముక్కగా నిలబడి ఉంటుంది. అది చిట్లితే కడుపు నిండిపోతుంది. తిండి పెట్టకుండానే 8కి పొట్ట!

మీకు తెలుసా? ఒక్కోసారి బిళ్ల రాకముందే ప్రెస్ దిగేస్తుంది. అడ్డం ఏమీ లేదు కాబట్టి రెండు డైలు ఢీ! బొరుసు వైపు అంకె వెళ్లి బొమ్మ డైకి అంటుకుంటుంది. ఆ తర్వాత పుట్టే ప్రతి నాణెం మీదా సింహాల వెనకాల తిరగబడ్డ అంకె మసకగా తచ్చాడుతుంది. టంకశాలలో దయ్యాలుండవని ఎవరన్నారు?

ఆ దయ్యాన్ని వదిలించబోయి అమెరికాలో ఏకంగా ఒక దున్న కాలే పోయిందని తెలుసా? 1937లో డెన్వర్ టంకశాలలో ఒక డై మీద పడ్డ ఢీ గుర్తులు పోవాలని పాలిష్ పట్టారు. పట్టారు, పట్టారు... గుర్తులతో పాటు అడవిదున్న ముందు కాలు కూడా అరిగిపోయింది. మూడు కాళ్ల దున్న నికెల్ అంటే ఇప్పుడు ప్రపంచమంతా ఎగబడుతుంది. నాలుగు కాళ్లదాన్ని పట్టించుకునే నాథుడు లేడు!

గ్రీజు సంగతి తెలుసా? డై గుంటల్లో గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడితే అక్కడి అక్షరం నాణెం మీద పడదు. 2005లో అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పేరిట వచ్చిన పావు డాలర్లు కొన్నిటి మీద 'దేవుణ్ని నమ్ముతాం' (ఇన్ గాడ్ వి ట్రస్ట్) అన్న మాటలో ఒక్క 'టి' గ్రీజులో మునిగింది. మిగిలిన 'ఇన్ గాడ్ వి రస్ట్'కు అర్థం ఏమిటో ఊహించండి: 'దేవుడిలో తుప్పు పడతాం'!

మీకు తెలుసా? అంచును ఎవరో కొరికినట్టు నెలవంక గాటు పడిన నాణేలు ఉంటాయి. ఎవరూ కొరకలేదు. పరిచిన పిండి మీద గిన్నె మూతతో బిళ్లలు కోసినట్టే, లోహపు రేకు మీద పంచ్‌తో బిళ్లలు కోస్తారు. రెండో కోత మొదటి కంత మీదికి కొంచెం జరిగిందా, గాటు తయారు. మరి ఆకురాయితో అరగదీసి 'అరుదైన నాణెం' అని అమ్మేవాణ్ని ఎలా పట్టుకోవాలి? గాటుకు సూటిగా ఎదుటి అంచు చూడండి. అసలు నాణేనికి అక్కడ అంచు గట్టు పలచబడి ఉంటుంది. బిళ్ల అంచు లేపే యంత్రంలో ఒకపక్క గాటు వల్ల పట్టు తప్పితే, ఎదుటిపక్క కూడా ఒత్తిడి అందదు. దీనికి 'బ్లేక్స్‌లీ ఎఫెక్ట్' అని పెద్ద పేరుంది. ఆకురాయి పట్టిన పెద్దమనిషి ఈ పేరు విని ఉండడు!

ఇందాక మినహాయింపు అన్నామే, ఇదిగో వచ్చింది! కొట్టిన నాణెం బయటికి రాకుండా డైకి అతుక్కుపోయింది. వెనకాలే ఇంకో బిళ్ల వచ్చేసింది. ఇప్పుడు అతుక్కున్న నాణెమే డై! ఫలితం: ఒకవైపు మామూలు సింహాలు. రెండోవైపూ సింహాలే, కానీ లోపలికి దిగిపోయి, కుడి ఎడమై! 'బ్రాకేజ్' అంటారు దీన్ని. మా ఓటు మాత్రం దీనికే. తప్పుల్లో ఇంత అందమైన తప్పు ఇంకోటి లేదు.

సగం బొమ్మ, సగం బోడిగా ఉన్న నాణెం కూడా తెలుసా? బిళ్ల పక్కకు జరిగిపోయినప్పుడు దెబ్బ సగానికే పడుతుంది. వీటిలోనూ సంవత్సరం కనిపించేవాటికే గిరాకీ. పుట్టిన తేదీ లేకపోతే జాతకం ఎలా చూస్తారు మరి!

మీకు తెలుసా? మన నాణేన్ని కుడి నుంచి ఎడమకు తిప్పితే వెనకవైపు కూడా నిటారుగానే ఉండాలి. వాలిపోయి ఉన్నా, తలకిందులుగా ఉన్నా, ప్రెస్‌లో డై తిరిగిపోయిందన్నమాట. సంబరపడండి! కానీ అమెరికా నుంచి మేనల్లుడు తెచ్చిన సెంటు తిప్పి చూసి కేకలెయ్యకండి. వాళ్లకు ఎప్పుడూ తలకిందులే, అది వాళ్ల పద్ధతి.

అక్షరాలు రెండేసి కనబడుతున్నాయా? ముందు కళ్లజోడు తుడుచుకోండి. ఆ తర్వాత, రెండో నీడ బల్లపరుపుగా, మెట్టులా ఉంటే అది దెబ్బ పడేటప్పుడు డై కదిలినందువల్ల వచ్చింది, రూపాయి రూపాయే. డై తయారీలోనే రెండుసార్లు ముద్ర పడి, రెండు అక్షరాలూ గుండ్రంగా పుష్టిగా లేచి ఉంటే, అప్పుడు ఎగరండి! 1955లో అమెరికాలో అలాంటి సెంట్లు ఇరవై వేలకు పైగా జనంలోకి వెళ్లిపోయాయి. తప్పని అధికారులకు తెలుసు. మంచివాటితో కలిసిపోయాయి, ఏరడమెందుకని వదిలేశారు. బద్ధకానికి దక్కిన మహా కీర్తి!

పది రూపాయల నాణెంలో వెల్డింగే లేదని తెలుసా? 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. బయట రింగు, నడుమ బిళ్ల, రెండూ ప్రెస్ దెబ్బకే బిగుసుకుంటాయి. నడిమి బిళ్ల పక్కకు జరిగి రింగు మీదికి ఎక్కితే అది టంకశాల తప్పు. నడిమి బిళ్లే లేకుండా ఉంగరంలా ఉంటే? చాలావరకు ఎవరో సుత్తితో తన్నినవే.

పది రూపాయల మీద కొన్నిటికి 15 కిరణాలు, కొన్నిటికి 10 కిరణాలు. పది కిరణాలదే అసలని, రూపాయి గుర్తు లేనిది దొంగదని మన వైపు ఎంత పుకారు! 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పింది: 14 డిజైన్లు వచ్చాయి, పద్నాలుగూ చెల్లుతాయి. నాణెంలో లోపం లేదు, పుకారులోనే డై పగిలింది!

ఇప్పుడు కొంచెం వెనక్కి, నిజాం కాలానికి. మీకు తెలుసా? నిజాం రూపాయి మీద చార్మినార్ ఉంటుంది, ఆ చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది 'మీమ్'. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది 'ఐన్'. ఆయన గద్దెనెక్కిన కొత్తలో కొట్టినవాటిలో ఐన్ సగమే, చిన్నగా ఉంది. తర్వాత డై మార్చి నిండు ఐన్ పెట్టారు. 1330 హిజ్రీలో రెండు రకాలూ దొరుకుతాయి. ఆ సగం అక్షరం కోసం కళ్లు చిట్లించి భూతద్దాలు అరగదీసేవాళ్లు నేటికీ ఉన్నారు!

అదే నాణేల మీద '92' అంకె చూసి 1892 అనుకునేవాళ్లున్నారు. మీకు తెలుసా అసలు సంగతి? అది సంవత్సరమే కాదు. అరబ్బీ అక్షరాలకు అంకె విలువలుంటాయి. ముహమ్మద్ ప్రవక్త పేరులోని అక్షరాలన్నీ కూడితే వచ్చేది 92! తేదీ అనుకుని వాదనకు దిగకండి, పందెం ఓడిపోతారు.

మీకు తెలుసా? ఏడు హాలీ రూపాయలిస్తే, అంటే నిజాం రూపాయలే, ఆరు భారత రూపాయలు వచ్చేవి. నిజాం పాలన పోయినా ఆయన రూపాయి వెంటనే పోలేదు, 1959లో గానీ రద్దు కాలేదు. పటాన్‌చెరు సంతలో తాతలు ఈ 7:6 లెక్క నోటితోనే కట్టేవారంటే, మన కాలిక్యులేటర్‌కు చెమటలే!

సరే, ఇప్పుడు మీ ఇంటి పక్కకే వస్తున్నాం. రుద్రారం నుంచి సంగారెడ్డి దాటితే కొండాపూర్. ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు బాబూ, క్యాబ్ బుక్ చేసేటప్పుడు జాగ్రత్త! ఇది సంగారెడ్డి జిల్లా కొండాపూర్. 1940ల మొదట్లో గులాం యజ్దానీ డైరెక్టరుగా ఉన్న నిజాం పురావస్తు శాఖ ఇక్కడి పాటిగడ్డ తవ్వితే, శాతవాహనుల నాణేలు కుప్పలుగా బయటపడ్డాయి. వాటితోపాటు నాణేలు పోతపోసే మట్టి మూసలు! అంటే మన ఇండస్ట్రియల్ బెల్టు వయసు ఎంతనుకుంటున్నారు? దాదాపు 2000 ఏళ్లు! అప్పుడు కూడా షిఫ్టులు ఉండేవేమో.

కొండాపూర్‌లో తవ్విన చోటే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, తెలుసా? అక్కడికి వెళ్లి సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేలను తీరిగ్గా చూడండి. ఏనుగు తొండం అంచు బయటికి పోయి ఉంటుంది. ఉజ్జయిని గుర్తు సగమే పడి ఉంటుంది. రాజుగారి పేరు మధ్యలో తెగిపోయి ఉంటుంది. డై ఒక సైజు, బిళ్ల ఇంకో సైజు. ఇవాళ్టి కొలతల్లో చూస్తే అన్నీ రిజెక్టులే. క్యూసీ డిపార్టుమెంటు లేని స్వర్ణయుగం!

పోత నాణేల గుట్టు విప్పినాయన ఎవరో తెలుసా? చరిత్రకారుడు కాదు, మొక్కల శాస్త్రవేత్త! బీర్బల్ సాహ్ని. రాతిలో మారిన చెట్లను చదివే ఆయన రోహ్తక్‌లో మట్టి మూసల ముక్కలు చూసి వదిలిపెట్టలేదు. 1945లో ప్రాచీన భారతంలో నాణేల పోత మీద ఏకంగా పుస్తకమే వేశారు. చెట్టుకు డబ్బులు కాస్తాయా అంటే, ఆయనకు కాశాయి!

మీకు తెలుసా? తప్పులా కనిపించినా, కావాలని చేసిన నాణేలు కూడా ఉన్నాయి. గౌతమీపుత్ర శాతకర్ణి శత్రువు నహపానుణ్ని ఓడించాక అతని వెండి నాణేలను కరిగించలేదు. వాటి మీదే తన ముద్ర గుద్దేశాడు! 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా నాణేల్లో 9 వేలకు పైగా ఇలాంటివే. ఓడిన రాజు మొహం మీద గెలిచిన రాజు సంతకం. అవమానం, ఆదా... రెండూ ఒకే దెబ్బకు!

రోమ్ చక్రవర్తుల మొహాల మీద మనవాళ్లు గాట్లు పెట్టారని తెలుసా? నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,531 రోమన్ వెండి నాణేలు దొరికాయి. తెలుగు నేల మీద దొరికిన ఇలాంటి రోమన్ నాణేల్లో కొన్నిటి మీద ఉలితో వేసిన గాట్లున్నాయి. లోపల కూడా వెండేనా అని చూడ్డానికని కొందరంటారు. చక్రవర్తి అయితే ఏంటి, ముందు క్వాలిటీ చెక్!

నన్నయ గారి రాజు రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు ఎక్కడ దొరికాయో ఊహించండి. రాజమండ్రిలో అంటారా? బర్మా తీరంలో, సయాంలో! నడుమ వరాహం, చుట్టూ పేరులోని ఒక్కో అక్షరాన్ని విడివిడి పంచ్‌తో గుద్దారు. ఒక్క పంచ్ పక్కకు జరిగితే రాజుగారి పేరే మారిపోయేది. చెమటలు పట్టే ఉద్యోగం!

ఇక అన్నిటికన్నా బరువైన ప్రశ్న. మీకు తెలుసా? 1613లో జహంగీర్ ఆగ్రాలో కొట్టించిన వెయ్యి మొహర్ల నాణెం బరువు దాదాపు 12 కిలోలు! వెడల్పు 20 సెంటీమీటర్ల పైన. హైదరాబాద్ నిజాం వంశం చేతికి వచ్చిందని చెప్పే ఈ బిళ్ల 1987లో జెనీవా వేలంలో కనిపించింది, అమ్ముడుపోలేదు. తర్వాత అయిపు లేదు. పన్నెండు కిలోల నాణెం జారిపోయిందంటే, ఆ జేబుకు ఎంత చిల్లు!

చిల్లు అంటే గుర్తొచ్చింది. 1943 నుంచి 1947 దాకా మన పైసాకు నడుమ పెద్ద కంత ఉండేదని తెలుసా? తప్పు కాదు, యుద్ధకాలంలో లోహం పొదుపు. తాతలు చిల్లు కాణీ అన్నది దీన్నే. వాషరు కన్నా చవకని చాలామంది బోల్టులకు బిగించేశారు. మెకానిక్‌లకు స్వర్ణయుగం!

'పంది రూపాయి' కథ తెలుసా? 1911లో అయిదో జార్జి రూపాయి వచ్చింది. రాజుగారి అంగీ మీద హారంలో చిన్న ఏనుగు ఉంది. కానీ తొండం పొట్టిగా చెక్కారు. జనం చూశారు... ఏనుగు కాదు, పంది! జనానికి కోపమొచ్చింది. 94 లక్షలు కొడితే, 7 లక్షలు జనంలోకి వెళ్లేసరికే ఆపేశారు. 1912లో డై మార్చి తొండం పొడిగించారు. ఆవగింజంత తొండం సామ్రాజ్యాన్ని ఊపేసింది!

ఇక ప్రపంచం చుట్టూ పరుగే పరుగు, ఊపిరి బిగబట్టండి. 2008లో చిలీ టంకశాల 50 పెసోల నాణెం మీద తమ దేశం పేరే తప్పు కొట్టింది, 'ఎల్' బదులు 'ఐ' పడింది. టంకశాల అధిపతి ఉద్యోగం ఊడింది!

2013లో వాటికన్ విడుదల చేసిన పోప్ ఫ్రాన్సిస్ పతకం మీద ఏసు పేరే తప్పు పడింది, తెలుసా? 'జె' ఉండాల్సిన చోట 'ఎల్'. వెనక్కి తీసుకునేలోపు నాలుగు అమ్ముడైపోయాయి. కొన్నవాళ్లు మాత్రం దేవుడికి దణ్నం పెట్టుకుని ఉంటారు!

2008లో బ్రిటన్ 20 పెన్నీల నాణెం తేదీ లేకుండానే పుట్టేసింది. తేదీని వెనకవైపు నుంచి ముందువైపుకు మార్చారు. ప్రెస్‌కు ఒకవైపు కొత్త డై, మరోవైపు పాత డై బిగించారు. ఫలితం, ఏ వైపూ తేదీ లేదు! మూడు వందల ఏళ్లలో అక్కడ ఇలా జరగడం అదే మొదటిసారి.

1947లో అమెరికాలో ఓ పదహారేళ్ల కుర్రాడికి స్కూల్ క్యాంటీన్ చిల్లరలో 1943 నాటి రాగి సెంటు వచ్చింది. ఆ ఏడాది యుద్ధం వల్ల సెంట్లన్నీ ఉక్కువి కొట్టాలి. పాత రాగి బిళ్లలు కొన్ని యంత్రంలో ఇరుక్కుపోయి వచ్చేశాయి. దాన్ని ఆయన జీవితాంతం దాచుకున్నాడు. 2019లో వేలంలో 2 లక్షల 4 వేల డాలర్లు! క్యాంటీన్ వాడికి చెప్పకండి, గుండె ఆగిపోతుంది.

'షోలే'లో జై జేబులోని నాణెం గుర్తుందా? రెండువైపులా బొమ్మే! అలాంటిది టంకశాలలో పొరపాటున పుట్టిందని ఎవరైనా అమ్మజూపితే అంచు లోపలివైపు టార్చి వేయండి. వెంట్రుకంత అతుకు చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. ఒక నాణేన్ని తొలిచి, రెండోదాన్ని చెక్కి, అందులో కూర్చోబెడతారు. లేతు మీద పని. బండ మీద వేస్తే 'ఠంగ్' మనదు, 'టక్' మంటుంది. గబ్బర్ ముందు కూడా దొరికిపోయేదే!

మీకు తెలుసా? మన స్టీలు రూపాయలను బంగ్లాదేశ్‌కు దొంగతనంగా తరలించి గడ్డం బ్లేడ్లు చేస్తున్నారని 2007లో వార్తలొచ్చాయి. ఒక్క రూపాయి బిళ్లకు ఐదు నుంచి ఏడు బ్లేడ్లు! రూపాయి విలువ పడిపోయిందని ఎవరన్నారు, గడ్డాలు తెగ్గొడుతుంటే!

నవ్వులు చాలు, చట్టం వింటారా? 2011 నాణేల చట్టం ప్రకారం చెలామణీలో ఉన్న నాణేన్ని కరిగించినా, ధ్వంసం చేసినా ఏడేళ్ల దాకా జైలు. 'అరుదైన తప్పు' తయారు చేద్దామని ఆకురాయి అందుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

మరి అయిదు రూపాయల వైష్ణోదేవి నాణేనికి లక్షలిస్తామని ఫోన్లు వస్తున్నాయా? 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరిక జారీ చేసింది. తమ పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామంటూ ముందుగా ఫీజు, కమిషన్, పన్ను అడిగేవాళ్లతో తమకు ఏ సంబంధమూ లేదని! మీ నాణేనికి లక్షలిచ్చేవాడు మిమ్మల్ని ముందు వెయ్యి కట్టమంటాడా?

కాబట్టి చిల్లర తిప్పి చూడండి, టార్చి పక్కనుంచి వేయండి. నిజంగా పగిలిన డై నాణెమే దొరికితే చింతపండుతో తోమకండి, బ్రాసోతో రుద్దకండి. మెరుపు పెరిగేకొద్దీ ధర తగ్గే వస్తువు ఇదొక్కటే! అంచులు పట్టుకుని తీసి, చిన్న కాగితం కవర్లో వేసి, సంవత్సరం, టంకశాల గుర్తు పైన రాసి పెట్టుకోండి. కొంటామని ఎవరు ఫోన్ చేసినా, ముందుగా ఒక్క పైసా కూడా కట్టకండి.